అల్లుడితో బేరం

“ఇరవై ఎనిమిది,” అంది సరోజ, అల్లుడి కంచంలో ఇంకో గారె వేస్తూ.

భరద్వాజ్ చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. గారె వద్దనడానికి అడ్డం పెట్టిన చెయ్యి అది. అంకె విన్నాక తీయడం మర్చిపోయాడు.

“ఇరవై ఎనిమిదేంటి అత్తయ్యా?”

“వేల డాలర్లు. మీ మామగారి కారు. నిన్న వచ్చీ రాగానే అడిగారుగా బాబూ, కారు సంగతి ఏం చేద్దామని. ఆలోచించి చెప్తానన్నాను. చెప్తున్నాను.”

భరద్వాజ్ నవ్వాడు. ఈ జోకు నీకేమైనా తెలుసా అన్నట్టు భార్య వంక చూశాడు. విద్య తలెత్తలేదు. ఏడో నెల పొట్ట బల్లకి తగలకుండా కుర్చీ వెనక్కి జరుపుకుని, గారెముక్కని అల్లప్పచ్చడిలో అద్దుతూ కూర్చుంది. అద్దుతోందే గాని తినడం లేదు.

“అంటే, నాకు అమ్ముతారా?”

“కావాలన్నారుగా.”

“కావాలన్నాను. కొంటానన్నానా?”

సరోజ పొయ్యి దగ్గరికి వెళ్ళి మూకుడులో గారెలు తిరగేసింది. ఆవిడ పుట్టింట్లో గాని మెట్టినింట్లో గాని అల్లుడికి పెట్టడమే తెలుసు, అల్లుడి దగ్గర పుచ్చుకోవడం ఎవరికీ తెలియదు. ఆవిడ తల్లి అల్లుళ్ళ ఎదుట కుర్చీలో కూడా కూర్చునేది కాదు. రాత్రి మినప్పప్పుతో పాటు సరోజ ఈ మాటని కూడా నానబెట్టుకుని పడుకుంది. ఇప్పుడు నోట్లోంచి వచ్చేసింది. ఇంక వెనక్కి పోదు.

“మనింట్లో వస్తువుకి మనకి బేరమేంటి అత్తయ్యా? పక్కింటివాళ్ళు వింటే నవ్వుతారు.”

“పక్కింటావిడకి తెలుగు రాదు బాబూ.”

విద్య పెదవి చివర నవ్వులాంటిదేదో కదిలి, భర్త చూస్తున్నాడని ఆగిపోయింది.

“సరే,” అన్నాడు భరద్వాజ్, కుర్చీలో వెనక్కి వాలి. “మీ మాట ఎందుకు కాదనాలి. పేపర్ల మీద ఏదో ఒకటి రాయాలి కాబట్టి పద్దెనిమిది ఇస్తాను. మీ తృప్తికి.”

“నా తృప్తికి కాదు. డీలర్ దగ్గరికి వెళ్ళొచ్చాను.”

“ఎవరు తీసుకెళ్ళారు?”

“బస్సు కొంత దూరం. తర్వాత నడిచాను. బండి ఫోటోలు చూపించాను, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పాను. వాళ్ళు కొంటే ఇరవై ఐదు ఇస్తారట. అదే బండి తుడిచి ముప్పై ఒకటికి అమ్ముతారట. అక్కడ అచ్చం ఇలాంటిదే ఇంకొకటి నిలబెట్టి ఉంది, ధర చూశాను. మధ్యలో ఇరవై ఎనిమిది. షాపువాడికి పోయేది మనిద్దరం పంచుకుంటున్నాం. మీకు నష్టం లేదు, నాకూ లేదు.”

“అబ్బో. అన్నీ తిరిగొచ్చి, లెక్కలన్నీ కట్టుకుని, అప్పుడు నాకు గారెలు పెడుతున్నారన్నమాట.”

“గారెలు ఎప్పుడూ పెడతానుగా.”

సరోజ మూకుడులోంచి గారెలు తీసి పళ్ళెంలో వేసింది.

“అసలు మీకు డబ్బెందుకు?” అన్నాడు భరద్వాజ్. గొంతు మెత్తబడింది. అతను మెత్తగా మాట్లాడితే సరోజకి ఇంకా భయం. “జులైలో మా దగ్గరికి బ్రాంప్టన్ వచ్చేస్తున్నారు. బేస్‌మెంట్లో మీకు గది చేయించాం. సెపరేట్ బాత్‌రూమ్. ఈ ఇల్లు అమ్మకానికి లిస్టింగ్‌లో పెడితే నెలలో పోతుంది. బిడ్డని చూసుకుంటూ హాయిగా ఉంటారు. మీకు ఖర్చేముంది?”

“పురుడు పొయ్యడానికి వస్తాను. బిడ్డకి మూడో నెల వచ్చేదాకా ఉంటాను. తర్వాత మా ఇంటికి వచ్చేస్తాను.”

“ఏ ఇంటికి?”

“దీనికి.”

విద్య గారెముక్క వదిలేసింది.

“ఇక్కడ కారు లేకుండా ఎలా ఉంటావమ్మా?”

“అందుకే,” అంది సరోజ. “పెద్ద కారు అమ్మి చిన్న కారు కొనుక్కుంటాను. డ్రైవింగ్ రాతపరీక్ష పాసయ్యాను. నేర్పించే ఆయనతో కూడా మాట్లాడాను. కారుకీ, ఇన్సూరెన్సుకీ, క్లాసులకీ కలిపి ఇరవై ఎనిమిదైతే సరిపోతుంది. మీ నాన్న పెన్షన్లో నాకొచ్చే సగం ఇంటికి చాలు. దాంట్లోంచి కారు రాదు.”

భరద్వాజ్ ఈసారి గట్టిగానే నవ్వాడు. నవ్వుకి పొలమారి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వాడు.

“అరవై మూడేళ్ళకి! అత్తయ్యా, ఒకరి తర్వాత ఒకరు కదలాల్సిన ఆ నాలుగు రోడ్ల స్టాప్ దగ్గర మీరు ‘ముందు మీరు వెళ్ళండి బాబూ, ముందు మీరు వెళ్ళండి’ అంటూ చీకటి పడేదాకా నిలబడతారు. వెనకాల అమెరికా వెళ్ళే బ్రిడ్జి దాకా బళ్ళాగిపోతాయి.”

సరోజకి కోపం రాలేదు. ఈ మాటే ఇంకోలా భర్త రాఘవయ్య ముప్పై ఏళ్ళు అన్నాడు. ‘నేనున్నాగా, నీకెందుకు స్టీరింగూ’ అని. ఆయన ముద్దుగా అన్నాడు, ఇతను ఎగతాళిగా అంటున్నాడు. రెండిటి వల్లా జరిగింది మాత్రం ఒకటే. ఈ కెనడా ఊరు సార్నియాలో పాల డబ్బా అయిపోతే ఎవరో ఒకరు వచ్చేదాకా ఆవిడ కిటికీ దగ్గర నిలబడాలి.

“పరీక్ష ఎప్పుడు రాశావ్?” అంది విద్య. “నాకు చెప్పలేదేం?”

“చెప్తే నువ్వు ఆయనకి చెప్తావు కదా.”

విద్య ముఖం ఎర్రబడింది. చిన్నప్పుడు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల. పెళ్ళయ్యాకే తెలుగు బాగుపడింది. ఇప్పుడు రెండు భాషల్లోనూ దానికి మాట దొరకలేదు.

భరద్వాజ్ లేచాడు. సాంబారన్నం సగంలో ఉంది. పెరుగు గిన్నె మూత కూడా తీయలేదు.

“పెరుగు వేసుకోకుండా లేస్తారేంటి బాబూ?”

“పదండి అత్తయ్యా. మీ ఇరవై ఎనిమిది వేల బండి చూద్దాం.”

*

గరాజ్ తలుపు మూలుగుతూ పైకి లేచింది. మే నెల ఎండ లోపలికొచ్చి, ముదురు నీలం రంగు కారు మీద పడింది. రాఘవయ్య నది ఒడ్డున ప్లాంట్లో ఇంజనీరుగా పనిచేసినన్నాళ్ళూ మామూలు కార్లే నడిపాడు. రిటైరయ్యాక తనకోసం కొనుక్కున్న గొప్ప వస్తువు ఈ సెడాన్ ఒక్కటే. మొన్న చలికాలంలో ఆయన పోయాడు. అప్పటినుంచీ కారు ఇక్కడే ఉంది. వారానికోసారి సరోజ లోపల కూర్చుని, ఎక్కడికీ పోకుండా, ఇంజను ఆన్ చేసి ఆపేస్తుంది.

భరద్వాజ్ ఫోన్ టార్చి వెలిగించి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“ఇదిగో, రస్ట్. కింద మొత్తం తినేస్తోంది.”

“మొత్తం ఎక్కడ బాబూ, అరచేతంత.”

“ఇవాళ అరచెయ్యి, రేపు మోచెయ్యి. టైర్లు చూశారా? అరిగిపోయి బోడిగుండైపోయాయి. బ్రేకులు ఎలా ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి. ఇలాంటి బళ్ళకి పార్టు పోయిందంటే ఆస్తులు అమ్ముకోవాలి. అసలు పద్దెనిమిది కూడా ఎక్కువే.”

“ఎక్కువైతే వద్దులెండి.”

అతను ఆ మాట విననట్టు వెనక్కి నడిచి, బంపర్ మీద వేలు పెట్టి రాశాడు.

“మరి ఈ గీత? ఇంత పొడుగు గీత పెట్టుకుని ఇరవై ఎనిమిది అడుగుతున్నారా?”

సరోజ కొంగు నడుముకి దోపుకుంది.

“అది మీరు గీసిందే బాబూ. ఈ పక్క లండన్ ఊళ్ళో, ఆసుపత్రి పార్కింగ్‌లో, స్తంభానికి.”

గరాజ్ మెట్టు మీద నిలబడ్డ విద్య కళ్ళు మూసుకుంది.

భరద్వాజ్ నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. టార్చి ఆర్పలేదు. ఆ వెలుగు సరోజ పాదాల మీద పడుతోంది.

“ఆ రోజు నేను అక్కడికి ఎవరికోసం వెళ్ళానో కూడా చెప్పండి.”

“మీ మామగారి కోసం. నేను కాదన్నానా?”

“ప్రతి శుక్రవారం ఆఫీసయ్యాక మూడు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది ఎవరు? మంచులో, లారీల మధ్య? సరే, అది వదిలేయండి. క్రెమటోరియంలో బటన్ నొక్కింది ఎవరు?”

“ఏవండీ, ప్లీజ్,” అంది విద్య.

“నువ్వుండు. కూతురైనా నొక్కచ్చని అక్కడివాళ్ళు చెప్పారు. మీ అమ్మగారే వద్దన్నారు. అల్లుడే చెయ్యాలి, కొడుకుతో సమానం అన్నారు. నేను మా నాన్న బతికుండగా నిప్పు పట్టుకోకూడదని మా అమ్మ ఫోన్లో ఏడ్చింది. అయినా చేశాను. ఆ రోజు అల్లుడు కొడుకయ్యాడు. ఇవాళ కస్టమర్ అయ్యాడు!”

అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. ఆ బటన్ నొక్కేటప్పుడు అతని వేలు వణకడం ఆవిడ కళ్ళారా చూసింది. ఆ రోజు ఇతను కారడిగి ఉంటే తాళం చేతిలో పెట్టేసేది. ఇల్లడిగినా ఇచ్చేసేదేమో.

ఇంక ఇరవై ఎనిమిది అనే మాట తన నోట రాదనుకుంది. వేరే మాట వచ్చింది.

“ఆ పనికి వెల కడుతున్నది మీరు బాబూ. నేను కారుకే కట్టాను.”

భరద్వాజ్ ముఖం పాలిపోయింది.

“విన్నావా?” అన్నాడు భార్యతో. “విన్నావుగా మీ అమ్మ మాట?”

విద్య మెట్టు దిగి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. “పద్దెనిమిదికి ఇచ్చేస్తే పోయేదేముందమ్మా? గొడవ ఉండదు.”

“గొడవ ఉండదు. నేనూ ఇక్కడ ఉండను.”

“మా ఇంట్లో ఉంటే నీకేం తక్కువ?”

సరోజ కూతురి ముఖంలోకి చూసింది. ఏం తక్కువో చెప్పడానికి చాలా ఉంది. పోయినసారి బ్రాంప్టన్ వెళ్ళినప్పుడు, ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తీయాలో అల్లుడు నవ్వుతూ చెప్పిన సంగతి ఉంది. అదంతా ఇప్పుడు, ఈ పొట్టతో నిలబడ్డ పిల్లకి చెప్పాలనిపించలేదు.

అప్పుడే డ్రైవ్‌వేలోకి పాత చిన్న కారొకటి వచ్చి ఆగింది.

“ఎవరది?” అన్నాడు భరద్వాజ్.

“కారు చూడ్డానికి. నేనే రమ్మన్నాను.”

“నాతో మాట్లాడుతూనే బయటివాణ్ణి పిలిచారా?”

“మీరు తీసుకుంటానంటే ఫోన్ చేసి రావద్దనేదాన్ని. పెరుగన్నం దగ్గరికి వచ్చేలోపు ఏదో ఒకటి చెప్తారనుకున్నాను.”

*

కారు దిగిన కుర్రాడు, గరాజ్‌లోకి అడుగు పెట్టే ముందు చెప్పులు విప్పబోయాడు.

“పర్లేదు నాయనా, ఇది గరాజే,” అంది సరోజ.

“నమస్తే ఆంటీ. నర్సింహ. ఫోన్ల మాట్లాడిన కదా.”

ఇక్కడి కాలేజీలో చదువుకోవడానికి నల్గొండ వైపు నుంచి వచ్చిన కుర్రాడు. చదువైపోయి హోటల్లో పనిచేస్తున్నాడు. ప్లాంట్లకి వచ్చే పెద్ద ఆఫీసర్లని టొరంటో ఎయిర్‌పోర్టుకి తిప్పే కంపెనీ ఒకటుంది. సొంతానికి ఇలాంటి ఖరీదైన సెడాన్ ఉంటేనే వాళ్ళు డ్రైవరుగా చేర్చుకుంటారట. ఇదంతా ఫోన్‌లో సరోజకి ఒక్క గుక్కలో చెప్పేశాడు.

“నేను అల్లుణ్ణి,” అన్నాడు భరద్వాజ్, ముందుకొచ్చి. “కారు విషయం నాతో మాట్లాడు.”

“నమస్తే అన్నా. కూసోని చూడొచ్చా?”

నర్సింహ డ్రైవర్ సీట్లో కూర్చుని మీట నొక్కాడు. సీటు సన్నగా మూలుగుతూ ముందుకి జరిగింది. రాఘవయ్య పొడుగుమనిషి. ఆయన పోయాక ఆ సీటుని ఎవరూ కదపలేదు. సరోజ చూపు పక్కకి తిప్పుకుని, గోడకి ఆనించిన వింటర్ టైర్ల వంక చూసింది.

“మస్తు మెయింటేన్ చేసిన్రు. ఎంతకిస్తరన్నా?”

“నువ్వెంత అనుకుంటున్నావ్?”

“ఇరవై నాలుగు. అంతగనమైతే ఇరవై ఐదు.”

“ఇరవై ఐదా!” భరద్వాజ్ పగలబడి నవ్వాడు. “తమ్ముడూ, పొరపాటున వేరే ఇంటికొచ్చావేమో. ఇది ఎలాంటి బండో తెలుసా? ఒకే చెయ్యి నడిపింది. ఇంజనీరు చెయ్యి. టైముకి ఆయిల్ మార్చకపోతే ఆయనకి నిద్రపట్టేది కాదు.”

“కింద జర రస్ట్ కనబడ్తున్నదన్నా.”

“అది రస్టా? ఒంటారియోలో ఉప్పురోడ్ల మీద తిరిగిన ఏ బండికైనా ఆ మాత్రం ఉంటుంది. ఒక పూట పని.”

“టైర్లు?”

“రెండేళ్ళు చూసుకోనక్కర్లేదు. పైగా వింటర్ టైర్లు సెట్టు ఫ్రీ, అటు చూడు.”

“వెనక బంపర్ మీద గీత...”

“గీతేంటి తమ్ముడూ, అది చూడాలంటే భూతద్దం కావాలి. బ్రేకులు ముట్టుకుంటే చాలు, అతికించినట్టు ఆగుతుంది.” భరద్వాజ్ కారు పైకప్పు మీద చెయ్యేసి, పెళ్ళికొడుకుని చూపిస్తున్నట్టు నిలబడ్డాడు. “ముప్పై రెండు. ఒక్క డాలర్ తగ్గదు. షాపుకెళ్తే ఇలాంటిది ముప్పై ఐదు. పైన రకరకాల ఫీజులు.”

అని విద్య వైపు తిరిగి కన్నుగీటాడు. ఇంక వీడు పోతాడు చూడు, అన్నట్టు.

సరోజ గోడవారగా నిలబడి ప్రతి మాటా వింది.

“ముప్పై రెండంటే చానా ఎక్కువన్నా,” అన్నాడు నర్సింహ, మెడ రుద్దుకుంటూ.

“అయితే వేరేది చూసుకో తమ్ముడూ. బలవంతమేం లేదు.”

నర్సింహ సరే అని గాని కాదని గాని అనకుండా డ్రైవ్‌వేలోకి వెళ్ళాడు. జేబులోంచి ఫోన్ తీసి, ఎవరితోనో మాట్లాడుతూ అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

“అయిపోయింది,” అన్నాడు భరద్వాజ్ గొంతు తగ్గించి. “ఇలాంటివాళ్ళు ఊరికే ఫోటోలు దిగడానికి వస్తారు అత్తయ్యా. ఇంక మన మాట మనం మాట్లాడుకుందాం. ఇరవై. పద్దెనిమిదిని ఇరవై చేశాను. మీరూ కొంచెం దిగండి.”

“నేను దిగితే ఇక్కడ ఉండలేనని చెప్పాను కదా బాబూ.”

“మళ్ళీ అదే మాట! ఎవడిస్తాడు మీకు ఇరవై ఎనిమిది?”

“అన్నా,” అన్నాడు నర్సింహ వెనకనుంచి. “ముప్పై. మా బావ సగం పెడ్తడు. ముప్పైకైతే ఇప్పుడే అడ్వాన్స్ పంపుతా.”

వీధి చివర ఎవరో గడ్డి కోస్తున్న యంత్రం మోత వినపడింది.

సరోజ గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చింది.

“మీరు చెప్తుంటే విన్నాను బాబూ. మీ మామగారు కూడా ఈ బండి గురించి అంత గొప్పగా చెప్పుకోలేదు.”

“అది వీణ్ణి పంపెయ్యడానికి అన్నాను!”

“నన్ను పంపనీకా అన్నా?” అన్నాడు నర్సింహ. అతని ముఖంలో మర్యాద పోయింది. “పంపెయ్యాలంటే పొమ్మని చెప్పొచ్చు కదా. పొద్దున డ్యూటీ ఇడిచిపెట్టి వచ్చిన. టైర్లు రెండేండ్లు చూడనక్కర్లేదన్నవు. అబద్ధమా అయితే?”

భరద్వాజ్ ఫోన్ టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. అబద్ధమంటే ఒక రకంగా చిక్కు, నిజమంటే ఇంకో రకంగా.

“అబద్ధం కాదు నాయనా, అంత నిజమూ కాదు,” అంది సరోజ. “రస్ట్ ఉంది, గీత ఉంది, టైర్లు ఇంకో ఏడాది వస్తాయేమో. చూసుకునే చెప్పు.”

“చూసినాంటీ. ముప్పైకి ఖాయం.”

సరోజ అల్లుడి వైపు తిరిగింది. “మీకు ఇప్పటికీ ఇరవై ఎనిమిదే. రెండు వేలు వదులుకుని మీకే ఇస్తాను. తీసుకుంటారా?”

“గదేందాంటీ? నాకైతే ముప్పై, అన్నకైతే ఇరవై ఎనిమిదా?”

“ఆయన అల్లుడు నాయనా.”

“అల్లుడు!” అన్నాడు భరద్వాజ్. ఆ మాట అతని నోట్లో చేదుమాత్రలా నలిగింది. “ఈ కారు ఫోటో మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను, తెలుసా? మామగారి కారు మనకొచ్చిందని. జూన్‌లో అమ్మానాన్నా దిగగానే దీంట్లోనే తీసుకొస్తానని చెప్పాను. ఇప్పుడు వాళ్ళకేం చెప్పాలి? మా అత్తగారు నన్నూ, హోటల్లో గిన్నెలు కడిగేవాణ్ణీ పక్కపక్కన నిలబెట్టి వేలం పాడిందని చెప్పనా?”

“గిన్నెలు కడగనన్నా. ఫ్రంట్ డెస్క్,” అన్నాడు నర్సింహ.

“నోర్ముయ్!”

“భరద్వాజ్!” అంది విద్య. తల్లి ఎదుట భర్తని ‘మీరు’ అనే పిల్ల, ఇప్పుడు పేరుపెట్టి అరిచింది. “నువ్వే కదా ముప్పై రెండు అన్నది? నీ నోటితో నువ్వే కదా?”

అతను భార్య వంక కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత సరోజ ముందుకొచ్చి నిలబడ్డాడు. గొంతు మళ్ళీ మెత్తబడింది.

“అత్తయ్యా, ఒక్క మాట. వీడి దగ్గర ఒక్క డాలర్ పుచ్చుకున్నా, ఈ ఇంటి గుమ్మం నేను తొక్కను. విద్య కూడా తొక్కదు. పురుడు మా అమ్మ చూసుకుంటుంది. మీరు మీ చిన్నకారులో ఊరంతా తిరగండి. చెప్పండి. కారా, కూతురా?”

విద్య తన తల్లి వైపు చూడలేదు. పొట్ట మీద చెయ్యేసుకుని, సిమెంటు నేల మీద నూనె మరకని చూస్తూ నిలబడింది.

అది ఒక్క మాట అంటే చాలని సరోజ ఎదురుచూసింది. ‘అమ్మా’ అన్నా చాలు. అది అనలేదు. ఇవాళ ఊ అంటే రేపు ఇంటి బేరం ఇదే గరాజ్‌లో, ఇదే మెత్తని గొంతుతో జరుగుతుంది. అప్పుడు కూడా కూతుర్ని ఇలాగే మధ్యలో నిలబెడతారు. ఆ తర్వాత నిలబెట్టడానికి తన దగ్గర ఏమీ మిగలదు.

“అడ్వాన్సు పంపు నాయనా,” అంది సరోజ.

అంకె కూడా తనే చెప్పింది. “ముప్పైకి.”

*

భరద్వాజ్ మేడ మీదికి వెళ్ళి సూట్‌కేస్ దించుకొచ్చాడు. మెట్టు మెట్టుకీ అది ఢీకొన్న చప్పుడు గరాజ్ దాకా వినపడింది. వాకిట్లో ఉన్న తన పెద్ద బండి డిక్కీలో పడేసి, మూత దబ్బున వేశాడు.

“విద్యా, పద.”

విద్య చెప్పులేసుకుంది. తల్లి ముందునుంచే నడిచింది. ఆగలేదు.

సరోజ వెనకాల వెళ్ళలేదు. కుంకుమ పెట్టకుండా, జాకెట్ గుడ్డ పెట్టకుండా నిండు మనిషిని గుమ్మం దాటనిచ్చానే అని వంటింటి వైపు తిరిగింది. వంటింట్లోకి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చేలోపు బండి వెళ్ళిపోతుందేమో. వెళ్ళలేక, ఉండలేక, గరాజ్ అంచున నిలబడిపోయింది.

విద్య బండి ఎక్కలేదు. అద్దం దిగింది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. గడ్డి కోసే యంత్రం మోతలో మాటలు వినపడలేదు. భరద్వాజ్ చెయ్యి స్టీరింగ్ మీద రెండు మూడు సార్లు పడింది. విద్య తల అడ్డంగా ఊపింది. కొంచెం ఆగి మళ్ళీ ఊపింది.

తర్వాత ఆమె బండి వెనక్కి నడిచి డిక్కీ తెరిచింది. సూట్‌కేస్ మీద రెండు చేతులూ వేసింది.

“అక్కా, మీరు ఎత్తకున్రి!” అంటూ నర్సింహ పరుగెత్తాడు.

అతను సూట్‌కేస్ దించి పక్కకి జరిగాడో లేదో, డిక్కీ మూత పూర్తిగా పడకుండానే బండి కదిలింది. హైవే వైపు మలుపు తిరిగి, ఇళ్ళ మధ్య మాయమైంది.

విద్య గరాజ్ దాకా వచ్చింది. ఏడవడం లేదు. రొప్పుతోంది.

“ఏమైందే?”

“రానన్నాను. పురుడు ఇక్కడే అన్నాను. నన్ను అడక్కుండా నా గురించి శపథాలు చెయ్యొద్దన్నాను.”

సరోజ రెండు చేతులూ చాచి ముందుకొచ్చింది. కూతురు ఆ చేతుల్లోకి రాలేదు. తల్లి భుజం మీదుగా కారు వైపు చూస్తోంది.

“అమ్మా, కారు అమ్మకు.”

సరోజ చేతులు గాలిలోనే ఉండిపోయాయి.

“నేనిక్కడుంటే చెకప్‌లకి లండన్ వెళ్ళాలి. నొప్పులెప్పుడొస్తాయో తెలీదు. నీకింకా నడపడం రాదు, నేనే నడుపుకోవాలి. బండి ఆయన తీసుకుపోయాడు. ఈ ఊళ్ళో కారు లేకుండా ఒక్క రోజు కూడా కుదరదని ఇందాకట్నించీ నువ్వే కదా చెప్తున్నావ్? ఇది నాకు కావాలి.”

“ఆంటీ,” అన్నాడు నర్సింహ వెనకనుంచి. అతని గొంతులో జాలి లేదు, కంగారుంది. “పైసలు పంపిన. వెయ్యి. మీ ఫోన్‌కొచ్చుంటది. మా బావతోని కూడా చెప్పేసిన. మాటిచ్చిన్రు కదా ఆంటీ.”

సరోజ స్వెట్టర్ జేబులో ఫోన్ టింగుమంది.

‘మనింట్లో వస్తువే కదమ్మా, ఉంచుకో.’ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇందాక భోజనం దగ్గర అల్లుడు అన్న మాటే అది. బేరమేంటి మనకి, అన్నాడు. ఇప్పుడు కూతురికి ఊరికే ఇస్తే రేపో మాపో అతను వచ్చి నవ్వుతాడు, పళ్ళూ పూలూ పట్టుకుని వస్తాడు, భార్యాబిడ్డల్ని ఇదే కారులో ఎక్కించుకుని వెళ్తాడు. అప్పుడు ఈ గరాజ్ ఖాళీ. తను కిటికీ దగ్గర.

కాదంటే, కడుపుతో ఉన్న పిల్ల ఈ రాత్రినుంచే, నడిచి ఎక్కడికీ పోలేని ఊళ్ళో కారు లేకుండా ఉంటుంది.

విద్య ఆవిడ ముఖంలోకే చూస్తోంది. ఇందాకట్నించీ చూడని చూపంతా ఇప్పుడే చూస్తోంది.

“విద్యా,” అంది సరోజ. కూతురి చెంప మీది చెమటని కొంగుతో తుడిచింది. తుడుస్తూనే అడిగింది.

“నువ్వెంత ఇస్తావ్?”

నర్సింహ సూట్‌కేస్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లోపల పెట్టాలో, బయట పెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు.